పేస్‌మేకర్ ఉన్న చిన్నపిల్లలు: డిశ్చార్జ్ కాగితంలో రాయని సంగతులు

చిన్నపిల్లల_క్లినిక్
నాలుగేళ్ల పాప. పుట్టుకతోనే కంప్లీట్ హార్ట్ బ్లాక్ (గుండె పై గది సంకేతం కింది గదికి అసలు దిగదు). పై గదికీ కింది గదికీ పనిచేసే (డ్యూయల్ చాంబర్) పేస్‌మేకర్, లీడ్లు (కరెంటు మోసే తీగలు) గుండె పైపొరకు కుట్టినవి (ఎపికార్డియల్), జనరేటర్ (బ్యాటరీ ఉన్న పెట్టె) పొట్ట కండరం వెనక. పెట్టి రెండేళ్లు దాటింది. డిశ్చార్జ్ కాగితంలో ఉన్నవి రెండే ముక్కలు: గాయం తడవనివ్వకండి, ఆరు నెలలకోసారి రండి. ఏ మోడల్ లీడో లేదు, ఎంత రేటు పెట్టారో లేదు. పేస్‌మేకర్ ఆగితే పాప సొంత గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అసలే లేదు.

జ్వరమొచ్చినా, వాంతులైనా, కడుపునొప్పి అన్నా తల్లిదండ్రులు మొదట వచ్చేది మా దగ్గరికే. ఏది మామూలు జబ్బు, ఏది పేస్‌మేకర్ తాలూకు ఇబ్బంది అన్నది ప్రోగ్రామర్ (పేస్‌మేకర్‌ను బయటి నుంచి చదివి సెట్టింగులు మార్చే యంత్రం) లేని క్లినిక్‌లో ఎలా తేల్చుకోవాలి? ఇప్పుడు వచ్చిన కారణం: పాప ఆడుకుంటూ ఉన్నట్టుండి కూర్చుండిపోతోంది. కాసేపటికి లేచి మళ్లీ మామూలుగా తిరుగుతోంది.

లీడ్_చూసేవాడు
పెట్టిన సెంటర్‌కు ఫోన్ చేసి చివరి ఇంటరాగేషన్ (పేస్‌మేకర్‌ను ప్రోగ్రామర్‌తో చదివిన) ప్రింటు పంపించమనండి. అందులో చూడాల్సినవి: మోడ్, లోయర్ రేట్ (ఇంతకంటే తగ్గనివ్వని రేటు), అప్పర్ ట్రాకింగ్ రేట్ (పై గది వెంట కింది గదిని కొట్టించే గరిష్ఠ రేటు), రెండు లీడ్ల థ్రెషోల్డ్ (గుండెను కొట్టించడానికి కావాల్సిన కనీస వోల్టులు), ఇంపెడెన్స్ (కరెంటుకు తగిలే అడ్డు), ఔట్‌పుట్ ఎన్ని వోల్టులు, బ్యాటరీ ఇంకెంత ఉంది, సొంత లయ ఎంత. ఒక్క ప్రింటు చాలదు. పాతవి కూడా తెప్పించండి. ఒక అంకె కంటే అది ఎటు పోతోందన్నదే ఎక్కువ చెబుతుంది.

ఈసీజీ_గది
ఆడేటప్పుడు కూర్చుండిపోవడం అంటే నా అనుమానం అప్పర్ రేటు మీదే. లెక్క చూడండి. ఏవీ డిలే (పై గది కొట్టాక కింది గదికి దెబ్బ ఇచ్చే ముందు ఆగే వ్యవధి) 150 మిల్లీసెకన్లు, పీవార్ప్ (కింది గది కొట్టాక పై గది సంకేతాన్ని పట్టించుకోని వ్యవధి) 280 అనుకుందాం. రెండూ కలిపితే 430. 60,000ని 430తో భాగిస్తే సుమారు 140. అంటే పై గది 140 దాటగానే పేస్‌మేకర్ ప్రతి రెండో పీ వేవ్‌ను (పై గది సంకేతాన్ని) వదిలేస్తుంది, కింది గది ఒక్కసారిగా 70కి పడిపోతుంది. నాలుగేళ్ల పిల్ల పరిగెడితే సైనస్ రేటు (పై గది సొంత రేటు) 180 దాటడం మామూలే. 140 నుంచి 70కి పడితే ఏ పిల్లయినా కూలబడుతుంది. ఆగితే పై గది నెమ్మదిస్తుంది, మళ్లీ ఒకటికి ఒకటి కలుస్తుంది, పిల్ల లేస్తుంది. మీరు చెప్పినదానికి అచ్చంగా సరిపోతుంది.

సెట్టింగు మారిస్తే పోయే ఇబ్బంది ఇది. ఏవీ డిలే 100, పీవార్ప్ 200 చేస్తే మొత్తం 300, అంటే 200 దాకా వెంట పరిగెడుతుంది. అప్పర్ ట్రాకింగ్ రేటూ దానికి తగ్గట్టు పెంచాలి. పెద్దవాళ్లకు పెట్టే సెట్టింగులు అలాగే వదిలేస్తే జరిగేది ఇదే.

లీడ్_చూసేవాడు
@ఈసీజీ_గది లెక్క సరైనదే, తీర్పే తొందరైంది. రెండేళ్ల పాత ఎపికార్డియల్ లీడు, పెరిగే పిల్ల, కదిలినప్పుడే లక్షణం. లీడు విరగలేదని తేలేదాకా విరిగిందనే అనుకుని చూడాలి. అప్పర్ రేటు సమస్యలో పిల్ల అలసిపోతుంది. లీడ్ పోతే గుండె ఆగుతుంది. ముందు తోసిపుచ్చాల్సింది రెండోదాన్ని.

ఈసీజీ_గది
పీవార్ప్ మరీ తగ్గించినా చిక్కే అని కూడా చెప్పాలి కదా. కింది గది నుంచి వెనక్కి పైకి వెళ్లే దారి ఉన్న పిల్లల్లో ఆ వెనక్కొచ్చిన పీ వేవ్‌నే మళ్లీ పట్టుకుని పేస్‌మేకరే టాకీకార్డియా (అతివేగపు లయ) నడిపిస్తుంది. ఆ దారి ఉందో లేదో చూసుకునే తగ్గించాలి. లీడ్ విషయంలో మీతో పేచీ లేదు, రెండూ చూడమనండి.

చిన్నపిల్లల_క్లినిక్
లీడ్ విరిగిందని క్లినిక్‌లో ఎలా అనుమానించాలి? మా దగ్గర ఉన్నది ఈసీజీ, ఎక్స్‌రే మాత్రమే.

లీడ్_చూసేవాడు
ఆ రెండూ చాలా చెబుతాయి.

ఈసీజీలో ముందు పేస్ డిటెక్షన్ ఆన్ చేయండి. బైపోలార్ (గుండె మీది రెండు ధ్రువాల మధ్యే కరెంటు తిరిగే) లీడ్ స్పైక్, అంటే పేస్‌మేకర్ దెబ్బకు ఈసీజీలో పడే గీత, చాలా చిన్నది, ఇప్పటి డిజిటల్ మెషీన్ల ఫిల్టర్ దాన్ని మింగేస్తుంది. స్పైక్ కనబడలేదని పేస్‌మేకర్ పని చేయట్లేదని రాసేస్తే పొరపాటు. లాంగ్ రిథమ్ స్ట్రిప్ తీయండి, పాపను పడుకోబెట్టి ఒకటి, లేచి కూర్చుంటుండగా ఒకటి, గట్టిగా ఊపిరి తీసుకోమని ఒకటి, జనరేటర్ మీద మెల్లగా నొక్కుతూ ఒకటి. చీలిక మొదలైన తీగ పడుకున్నప్పుడు అతుక్కునే ఉంటుంది, వంగినప్పుడే విడిపోతుంది. క్లినిక్‌లో ఇంపెడెన్స్ బాగానే వచ్చిందని ఇంటికి పంపేసిన పిల్లలు కొన్నాళ్లకు స్పృహ తప్పి రావడానికి కారణం ఇదే.

స్పైక్ ఉండి దాని వెనక క్యూఆర్‌ఎస్ (కింది గది కొట్టుకున్న గుర్తు) లేకపోతే కాప్చర్ (దెబ్బకు గుండె స్పందించడం) పోయింది: థ్రెషోల్డ్ పెరిగిందో, లీడ్ కదిలిందో, ఇన్సులేషన్ పోయి కరెంటు లీకవుతోందో. స్పైక్ రావాల్సిన చోట రాకపోతే రెండు దారులు: తీగ తెగి కరెంటు వెళ్లట్లేదు, లేదా తెగిన కొసలు రాసుకుని పుట్టే గోలను గుండె కొట్టుకోవడంగా పొరబడి పేస్‌మేకర్ ఊరుకుంటోంది. ఇక్కడే మాగ్నెట్ పనికొస్తుంది. జనరేటర్ మీద పెడితే చాలా మోడళ్లు దేన్నీ వినకుండా ఒకే రేటుకు కొట్టడం మొదలెడతాయి. మాగ్నెట్ పెట్టగానే పాజ్‌లు పోతే అది ఓవర్‌సెన్సింగ్ (ఆ గోలను గుండెగా పొరబడటం). పెట్టినా స్పైక్ రాకపోతే తీగో బ్యాటరీయో.

ఎక్స్‌రే ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పొట్ట కూడా వచ్చేట్టు. తీగను కొస నుంచి కొస దాకా వేలితో వెంబడించండి. ఎపికార్డియల్ లీడ్ ఎక్కువగా దెబ్బతినేది పక్కటెముకల అంచు దగ్గర, పొట్టలోంచి ఛాతీలోకి మలుపు తిరిగే చోట. సిర ద్వారా వేసినదైతే జత్రుకకూ (కాలర్ ఎముక) మొదటి పక్కటెముకకూ మధ్య నలుగుతుంది.

తల్లిమనసు
మాగ్నెట్ పెడితే పేస్‌మేకర్ ఆగిపోతుందని విన్నాను. అది నిజం కాదా?

లీడ్_చూసేవాడు
ఆగదమ్మా. మాగ్నెట్ పెట్టినంతసేపు గుండె సొంత లయను పట్టించుకోకుండా కొడుతుంది, తీసేస్తే మామూలవుతుంది. మాగ్నెట్‌తో ఆగేది ఐసీడీలో (ప్రమాదకర లయను షాక్‌తో సరిచేసే వేరే పరికరంలో) షాక్ ఇచ్చే భాగం. రేటు కంపెనీని బట్టి మారుతుంది: మెడ్‌ట్రానిక్ పేస్‌మేకర్లలో బ్యాటరీ బాగుంటే 85, మార్చే వేళయితే 65. కొన్ని మోడళ్లలో మాగ్నెట్‌కు స్పందించకుండా ఆఫ్ చేసి పెట్టే వీలుంది, అందుకే మోడల్ పేరు కార్డు మీద ఉండి తీరాలి.

ఐసీయూ_సిస్టర్
జ్వరం సంగతి ఎవరూ ఎత్తలేదు. చొక్కా పైకెత్తి పాకెట్ (జనరేటర్ పెట్టిన చోటు) చూడకుండా ఈ పిల్లల్లో ఏ జ్వరానికీ మందు రాయకూడదు. ఎర్రబడిందా, వేడిగా ఉందా, జనరేటర్ మూల దగ్గర చర్మం పలచబడి మెరుస్తోందా, కింద ఉన్న పెట్టెకు అతుక్కుపోయి కదలట్లేదా. ఆ మెరుపు కనబడితే చర్మం చిల్లు పడటానికి ఎంతో దూరం లేదు. చిల్లు పడ్డాక పైపైన కుట్టేస్తే సరిపోదు, సూక్ష్మజీవి అప్పటికే జనరేటర్‌ను పట్టేసి ఉంటుంది.

పాకెట్ దగ్గర వాపు ఉంటే సూది గుచ్చి లాగి చూద్దామన్న ఆలోచనే వద్దు. లోపల ఉన్నది ఒట్టి రక్తమో నీరో అయితే ఆ సూదితోనే ఇన్‌ఫెక్షన్ లోపలికి పంపినవాళ్లమవుతాం. పైగా లీడ్ ఇన్సులేషన్‌కు చిల్లు పడొచ్చు.

చిన్నపిల్లల_క్లినిక్
ముక్కు కారుతూ, ఇంట్లో అందరికీ జలుబు ఉన్నప్పుడు కూడా బ్లడ్ కల్చర్ తీయాలా? ప్రతి జ్వరానికీ అంటే కష్టం కదా.

ఐసీయూ_సిస్టర్
అలా అనట్లేదు. జలుబు స్పష్టంగా ఉండి, పాకెట్ శుభ్రంగా ఉండి, పిల్ల చురుగ్గా ఉంటే ఆగి చూడొచ్చు. కారణం కనబడని జ్వరమైతే, తగ్గి మళ్లీ వస్తుంటే, చలితో వణుకుతుంటే కల్చర్లు తీసే వరకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి. వేర్వేరు చోట్ల నుంచి కనీసం రెండు, బరువుకు తగినంత రక్తంతో. ఒక్క డోసు సిరప్ పడినా కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు, ఆ తర్వాత ఏ మందు వాడాలో తెలియక తంటాలు. ఎక్కువగా దొరికేవి స్టాఫిలోకాకస్ ఆరియస్, ఎపిడర్మిడిస్. రెండోది తాపీగా, పెద్ద జ్వరమేమీ లేకుండా నెలల తర్వాత కూడా బయటపడుతుంది.

కుట్టుపని_సర్జన్
సిస్టర్ చెప్పిన ప్రతి ముక్కా నిజం. ఒకటి చేరుస్తాను. పాకెట్‌కు నిజంగా ఇన్‌ఫెక్షన్ పట్టిందంటే యాంటీబయాటిక్‌తో ఆరిపోదు. మందు వేస్తున్నన్నాళ్లు తగ్గినట్టుంటుంది, ఆపగానే తిరగబెడుతుంది. జనరేటరూ లీడ్లూ మొత్తం తీసి, మధ్యలో తాత్కాలిక పేసింగ్ మీద ఉంచి, కల్చర్లు శుభ్రమయ్యాక వేరే చోట కొత్తది పెట్టాలి. పైపై ఎర్రదనం అనుకుని కోర్సు మీద కోర్సు రాసుకుంటూ పోవడమే పిల్లలకు ఎక్కువ చేటు చేస్తోంది.

ఆపరేషనైన కొత్తలో, మొదటి వారం నుంచి ఆరేడు వారాల లోపు జ్వరమొస్తే ఇంకోటి గుర్తుంచుకోండి: పోస్ట్ పెరికార్డియోటమీ సిండ్రోమ్. గుండె చుట్టూ నీరు చేరుతుంది. చిన్నపిల్లలు ఛాతీ నొప్పి అని చెప్పలేరు, చిరాకు పడతారు, తిండి మానేస్తారు, వాంతులు చేసుకుంటారు. గ్యాస్ట్రో అని ఇంటికి పంపేస్తే టాంపొనేడ్‌లో (ఆ నీరు గుండెను నొక్కేసే స్థితిలో) తిరిగొస్తారు. ఈ మధ్యే గుండె మీద ఆపరేషనై వాంతులతో వచ్చిన పిల్లకు ఎకో చేయకుండా పంపకండి.

తల్లిమనసు
కడుపునొప్పి, వాంతులు ఆపరేషనైన చాలా కాలానికి వస్తే?

కుట్టుపని_సర్జన్
అప్పుడు జనరేటర్ ఉన్న చోటే ఉందా అని తడిమి చూడాలి. పొట్టలో పెట్టిన పెట్టె పొరలు తొలుచుకుని పేగుల మధ్యకు జారిపోయిన కేసులు, పేగు అడ్డుపడిన కేసులు, కటి భాగం దాకా దిగిపోయినవీ వైద్య పత్రికల్లో ఉన్నాయి. ముందు చేతికి తగిలేది ఇప్పుడు తగలట్లేదంటే పిల్ల ఒళ్లు చేసిందని సర్దిచెప్పకుండా పొట్ట ఎక్స్‌రే తీయండి. పెట్టె తిరగబడిందా అన్నదీ అందులోనే తెలుస్తుంది. పిల్లలు దాన్ని తిప్పుతూ ఉంటే లీడ్ తాడులా పురిపడి కొస గుండె నుంచి ఊడొస్తుంది. 1968లోనే దీన్ని ట్విడ్లర్ సిండ్రోమ్ అన్నారు.

గుండె_ఎకో
అసలు చర్చంతా లీడ్ మీదా పాకెట్ మీదే నడుస్తోంది. పేస్‌మేకర్ దివ్యంగా పని చేస్తూనే గుండెను పాడుచేసే సంగతి మరవద్దు. కుడి జఠరికను ఎప్పుడూ పేస్ చేస్తుంటే ఎడమ జఠరిక గోడలు కలిసి ముడుచుకోవు, ఒకటి ముందు, ఒకటి వెనక. కొందరు పిల్లల్లో ఏళ్లు గడిచేకొద్దీ గుండె సాగి బలహీనపడుతుంది. 2013లో 21 కేంద్రాలు కలిసి 178 మంది పిల్లల్ని చూసి చెప్పిందేమిటంటే, లీడ్ ఎక్కడ కుట్టారన్నదే పెద్ద తేడా: ఎడమ జఠరిక కొస, పక్క గోడ అన్నిటికంటే మేలు, కుడి జఠరిక ఔట్‌ఫ్లో, పక్క గోడ చేటు. ఎపికార్డియల్‌గా వేసేటప్పుడు ఎడమ కొస అందుబాటులోనే ఉంటుంది, అలాంటప్పుడు కుడి వైపు కుట్టడానికి నాకైతే సరైన కారణం కనబడదు.

క్లినిక్‌లో పట్టుకోవాల్సింది: బరువు పెరగడం ఆగిపోవడం, తినేటప్పుడు చెమట, కాలేయం చేతికి తగలడం. ఏటా ఒక ఎకో. తల్లి యాంటీబాడీల వల్ల బ్లాక్ వచ్చిన పిల్లల్లో కండరానికే జబ్బు ఉండొచ్చు కాబట్టి ఇంకా దగ్గరగా చూడాలి.

సిరల_దారి
ఎపికార్డియల్ ఎపికార్డియల్ అంటున్నారు గానీ, వాటి థ్రెషోల్డ్ ఎక్కువ, విరగడం ఎక్కువ, బ్యాటరీ తొందరగా తినేయడం ఎక్కువ. సిర ద్వారా వేసిన లీడ్ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఛాతీ తెరిచే పని కూడా ఉండదు. 15 కిలోలు దాటి, గుండెలో రంధ్రాలు లేని పిల్లకు సిర దారే మంచిదని నా మాట.

కుట్టుపని_సర్జన్
@సిరల_దారి నాలుగేళ్ల పిల్లకు అరవై డెబ్భై ఏళ్లు పేసింగ్ కావాలి. చిన్న సిరలో వేసిన ప్రతి లీడూ ఆ దారిని కొంత మూస్తుంది. సిర పూడుకుపోతే చెయ్యి వాయడం, ఛాతీ మీద నీలి సిరలు తేలడం. రేపు పాత లీడ్ తీయాలంటే మచ్చకణజాలంలోంచి లేజర్ షీత్‌తో తీయాలి, అప్పుడు సిర చిరిగితే ప్రాణాపాయం. ట్రైకస్పిడ్ కవాటం రెక్కకు అతుక్కుంటే అది కారడం మొదలెడుతుంది. పొడుగు పెరుగుతుందని కుడి కర్ణికలో వదిలే లూప్ చిన్నదైతే లాగేస్తుంది, పెద్దదైతే కవాటంలోకి జారుతుంది. సిరలు ఎంత ఆలస్యంగా వాడుకుంటే అంత మేలు.

సిరల_దారి
సరే, 15 కిలోలు అన్నది గీత గీసినట్టు కాదు, ఒప్పుకుంటాను. కానీ రెండుసార్లు ఛాతీ తెరిచిన పిల్లకు మూడోసారి అతుకుల మధ్య బాగా పట్టే చోటు వెతకడం మీకూ తెలిసిన కష్టమే. ఫాంటాన్ (ఒకే జఠరిక సరిగా ఉన్నవాళ్లకు చేసే ఆపరేషన్) అయిన పిల్లల్లో, రంధ్రాలున్నవాళ్లలో మాత్రం సిర దారి వద్దు. లీడ్ మీద కట్టిన గడ్డ మెదడుకు వెళ్తుంది. లీడ్‌లెస్ (తీగలు లేకుండా గుండెలోనే ఉండే పేస్‌మేకర్) వచ్చింది గానీ అందులో ఒకటైన మైక్రా వేసే గొట్టం 27 ఫ్రెంచ్ (9 మిల్లీమీటర్లు), చిన్నపిల్లల తొడ సిరకు అది ఎక్కువే. పాతదాన్ని ఏళ్ల తర్వాత బయటకు లాగడమూ తేలిక కాదు.

కుట్టుపని_సర్జన్
ఎపికార్డియల్‌కూ తనదైన ప్రమాదం ఒకటుంది, ఇది తక్కువ మందికి తెలుసు. పెరుగుదల కోసం మిగులు తీగను చుట్ట చుట్టి వదులుతాం. ఆ చుట్ట గుండె వెనక్కి పోతే, పిల్ల పెరిగేకొద్దీ గుండె చుట్టూ బిగుసుకుంటుంది. దీన్ని కార్డియాక్ స్ట్రాంగులేషన్ అంటారు. కరోనరీ ధమనినో పల్మనరీ ధమనినో నొక్కేస్తుంది. కొందరిలో మొదటి లక్షణమే హఠాత్తుగా గుండె ఆగడం. కొత్తగా సిస్టాలిక్ మర్మర్ (గుండె ముడుచుకునేటప్పుడు అదనపు శబ్దం) వినబడినా, ఆడేటప్పుడు ఛాతీ నొప్పి అన్నా, కూలబడినా దీన్ని గుర్తు చేసుకోండి. పేస్ అయిన క్యూఆర్‌ఎస్‌లో ఎస్‌టీ మార్పులు (గుండె కండరానికి రక్తం అందట్లేదని చెప్పేవి) నమ్మలేం, ఈసీజీ బాగుందని ఊరట పడొద్దు.

ఏటా పక్క నుంచి తీసిన ఎక్స్‌రేను ముందటేడు దాని పక్కన పెట్టి చూడాలి. తీగ గుండె నీడ వెనక అంచును చుట్టి వస్తోందంటే సీటీ యాంజియో, అవసరమైతే కాథ్ (రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి చూసే పరీక్ష). పక్క ఫిల్ము లేకుండా ఎదురు ఫిల్ము ఒక్కటే తీస్తే ఇది దొరకదు.

తల్లిమనసు
ఇది చదివితే భయంగా ఉంది. ఇంట్లో మేం చేయగలిగింది ఏమిటి? నాడి రోజూ లెక్కపెట్టమంటారా? ట్యాబ్లెట్ పొట్ట మీద పెట్టుకుని చూస్తే ఫర్వాలేదా?

ఐసీయూ_సిస్టర్
రోజూ ఒకసారి, నిద్రపోతున్నప్పుడో ప్రశాంతంగా ఉన్నప్పుడో, నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పెట్టిన లోయర్ రేటు కంటే తగ్గిందంటే మళ్లీ లెక్కపెట్టి, అప్పుడూ తక్కువే వస్తే వెంటనే ఆసుపత్రికి. అయితే నిద్రలో రేటు తగ్గేట్టు సెట్టింగ్ పెట్టారేమో ముందే అడిగి ఉంచుకోండి, లేకపోతే అర్ధరాత్రి అనవసరపు కంగారు.

ట్యాబ్లెట్ పొట్ట మీద వద్దు. దానిలోనూ దాని కవరులోనూ మాగ్నెట్లు ఉంటాయి, జనరేటరేమో సరిగ్గా అక్కడే ఉంది. ఫోన్లు, ఇయర్‌బడ్ల డబ్బాలు, మాగ్నెట్ బొమ్మలు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. పొట్ట మీద దెబ్బ తగిలే ఆటలు వద్దు, మిగతా ఆటలు డాక్టరును అడిగి ఆడనివ్వండి.

ఎక్కిళ్లలా పొట్ట అదురుతూ, ఆ అదురు నాడితో సమానంగా పడుతుంటే వీడియో తీసి చూపించండి. డయాఫ్రమ్‌కు (ఛాతీకీ పొట్టకూ మధ్య ఊపిరి కండరానికి) కరెంటు తగులుతోందని, లేదా ఇన్సులేషన్ పోయిందని అర్థం.

ఈసీజీ_గది
క్లినిక్ వాళ్లకు ఒక మాట: విరేచనాలతో, మూత్రపిండాల జబ్బుతో వచ్చినప్పుడు పొటాషియం చూడండి. పొటాషియం పెరిగినా, ఒంట్లో ఆమ్లం పెరిగినా థ్రెషోల్డ్ పెరిగి, నిన్నటి దాకా పట్టిన పేసింగ్ ఇవాళ పట్టదు. ఫ్లెకైనైడ్ (గుండె లయకు వాడే మందు) కూడా అంతే. తీగ బాగానే ఉంటుంది, కండరమే వినదు. ఎంఆర్‌ఐ రాసే ముందు ఫోన్ చేయండి. ఎపికార్డియల్ లీడ్లూ, వాడకుండా లోపల వదిలేసిన ముక్కలూ సాధారణంగా ఎంఆర్‌ఐకి ఆమోదం ఉన్నవి కావు, జనరేటర్ మీద ఏం రాసి ఉన్నా సరే.

చిన్నపిల్లల_క్లినిక్
సెంటర్ నుంచి రెండు ప్రింట్లు వచ్చాయి. వెంట్రిక్యులర్ లీడ్: ఆరు నెలల కింద థ్రెషోల్డ్ 0.5 మిల్లీసెకన్ల దగ్గర 1.2 వోల్టులు, ఇంపెడెన్స్ 620 ఓములు. పోయిన వారం 2.4 వోల్టులు, 1480 ఓములు. ఔట్‌పుట్ 3.5 వోల్టులే ఉంది. సొంత లయ 38. ఏవీ డిలే, పీవార్ప్ కలిపి 310. కింద 'పరిమితుల లోపలే' అని రాశారు. మా ఈసీజీలో లేచి కూర్చున్నప్పుడు ఒక చోట స్పైక్ ఉంది, క్యూఆర్‌ఎస్ లేదు.

ఈసీజీ_గది
310 అంటే 190 దాకా వెంట వస్తుంది. నా అనుమానం ఇక నిలవదు. ఇది లీడే.

లీడ్_చూసేవాడు
పాపను ఇంటికి పంపకండి. 1480 మెషీన్ గీతకు లోపలే, కానీ ఆరు నెలల్లో రెండింతలకు మించి పెరిగింది. థ్రెషోల్డ్ రెండింతలైంది. కనీసం రెండు రెట్ల మార్జిన్ ఉండాల్సిన చోట 2.4కి 3.5 అంటే ఒకటిన్నర రెట్లు కూడా లేదు. కదిలితే కాప్చర్ పోతోంది, సొంత లయ 38. మానిటర్ పెట్టుకుని అంబులెన్స్‌లో సెంటర్‌కు పంపండి.

వాళ్లు ముందు ఔట్‌పుట్ పెంచుతారు. 3.5 నుంచి 7కి పెంచితే ఒక్కో దెబ్బకు బ్యాటరీ నాలుగింతలు ఖర్చవుతుంది, ఇప్పుడు దాని గురించి ఆలోచించొద్దు. లీడ్‌లోని రెండు తీగల్లో (టిప్, రింగ్) తెగుతున్నది రింగ్ వైపు తీగ అయితే యూనిపోలార్‌కు (టిప్ నుంచి జనరేటర్ పెట్టెకు కరెంటు తిరిగేట్టు) మార్చి ఆపరేషన్ దాకా నెట్టుకురావచ్చు, పొట్ట కండరం అదిరినా, కండరాల కదలికను గుండెగా పొరబడే ప్రమాదం ఉన్నా. టిప్ వైపుదైతే ఆ దారి లేదు.

ఐసీయూ_సిస్టర్
బయలుదేరే ముందు బయటి పేసింగ్ ప్యాడ్లు ఛాతీ ముందూ వెనకా అంటించండి, జనరేటర్‌కు 8 సెంటీమీటర్ల పైన దూరంగా. ఐసోప్రినలిన్ (గుండె వేగం పెంచే మందు) కలిపి సిద్ధంగా ఉంచండి, నిమిషానికి కిలోకు 0.05 మైక్రోగ్రాముల దగ్గర మొదలు. ఈ బ్లాక్‌లో అట్రోపిన్ మీద ఆశ పెట్టుకోవద్దు. నాడి అందకపోతే సీపీఆర్, పేస్‌మేకర్ ఉందని ఆగొద్దు.

కుట్టుపని_సర్జన్
ఎక్స్‌రేలు పాతవీ కొత్తవీ వెంట పంపండి, పక్క నుంచి తీసినది తప్పకుండా. కొత్త లీడ్ వేసే ముందు పాత చుట్ట ఎటు పడిందో చూడాలి. ఎడమ కొసకు మార్చే అవకాశం కూడా ఇదే, ఆ మాట కాగితం మీద రాసి పంపండి.

చిన్నపిల్లల_క్లినిక్
ప్యాడ్లు పెట్టాం. ఈసీజీ స్ట్రిప్పులు, రెండు ప్రింట్లు, మూడేళ్ల ఎక్స్‌రేలు ఒక కవర్లో వేసి సిస్టర్ చేతికిచ్చాం. సెంటర్‌లో ప్రోగ్రామర్‌తో టెక్నీషియన్ ఎమర్జెన్సీ గేటు దగ్గరే ఉంటామన్నారు. అంబులెన్స్ బయలుదేరింది.